రెక్కలకు ఇంజిన్ బిగిస్తే మనిషి ఎగరగలడా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా లేత్ షాపు నడుపుతున్నాను. ఉదయం షట్టరు ఎత్తేసరికి పైన గద్దలు తిరుగుతూ ఉంటాయి. కిలో బరువు తూగీ తూగని గద్ద తన కండబలంతో ఎగరగలిగినప్పుడు, దాదాపు 8 హార్స్‌పవర్ ఇచ్చే 100 సీసీ బైకు ఇంజిన్‌కు గేర్లు, క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు పెట్టి రెండు పెద్ద రెక్కలను ఆడిస్తే అది ఒక మనిషిని ఎందుకు మోయలేదు? మనిషి చేతులకు అంత బలం లేదంటే ఒప్పుకుంటాను, ఇంజిన్‌కు ఉంది కదా. ఇప్పటివరకు ఎవరైనా చేసి చూశారా? నేను నా షాపులో ప్రయత్నించవచ్చా? వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: చేసి చూశారు, మనిషిని మోసుకుని అది నేల విడిచింది కూడా. 2006 జూలై 8న కెనడాలోని టొరంటో నగరంలో, డౌన్స్‌వ్యూ రన్‌వే మీద, టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ డిలారియర్ బృందం తయారుచేసిన రెక్కలాడించే విమానం పైలట్‌తో సహా గాలిలోకి లేచింది. ఇటువంటి విమానాన్ని ఆర్నితాప్టర్ అంటారు. రెక్కలను ఆడించడానికి అందులో 24 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్ ఉంది; నేల విడిచేందుకు ఊతంగా ఒక చిన్న జెట్ ఇంజిన్‌ను కూడా జోడించారు. గాలిలో నిలిచింది 14 సెకన్లు, సాగిన దూరం సుమారు 300 మీటర్లు, చివరికి దిగేటప్పుడు యంత్రం దెబ్బతిన్నది. ఇదే ఆచార్యుడు జెరెమీ హారిస్ అనే ఇంజినీరుతో కలిసి 1991లోనే నాలుగోవంతు సైజు నమూనాను విజయవంతంగా ఎగరేశాడు. ఆ నమూనా నుంచి మనిషిని మోసే యంత్రానికి చేరడానికి పదిహేనేళ్లు పట్టింది.

దీని పక్కన మరొక లెక్క పెట్టి చూడండి. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి లేచినప్పుడు గాలిలో ఉన్నది 12 సెకన్లు, వెళ్లింది 36 మీటర్లకు కాస్త ఎక్కువ, వాళ్ల ఇంజిన్ శక్తి 12 హార్స్‌పవర్. అంటే ప్రొపెల్లర్ విమానం 1903లో నిలబడిన చోటికి డిలారియర్ బృందపు రెక్కలాడించే విమానం 103 ఏళ్ల తరువాత, రెట్టింపు శక్తి గల ఇంజిన్‌తో, జెట్ ఊతంతో చేరుకుంది. ఇంత ఆలస్యానికి బలం చాలకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. మీరు ఆ పొరపాటు చేయలేదు. బలం సమస్య పెట్రోలు ఇంజిన్ వచ్చిన నాడే తీరింది. ఈ రోజుకీ పూర్తిగా తీరనిది భుజం సమస్య. రెక్క మొండేనికి అతికే ఆ ఒక్క కీలు దగ్గరే ఈ విద్య అంతా ఆగిపోయి ఉంది. మీరు లేత్ మీద పనిచేసే మనిషి కనుక ఈ మాట మీకు బాగా అర్థమవుతుందన్న నమ్మకంతో కొంచెం లోతుగా చెబుతాను.

ముందు బలం లెక్క చూద్దాం. మీ యంత్రం 150 కిలోలు, మీరు 70 కిలోలు, మొత్తం 220 కిలోలు అనుకుందాం. రెక్కలు చక్కగా కుదిరితే, పైకెత్తే బలంలో పన్నెండో వంతు గాలి నిరోధంగా ఎదురొస్తుందని పెట్టుకోవచ్చు; ఇది సాధారణ గ్లైడరు (ఇంజిన్ లేకుండా గాలిలో జారే విమానం) కంటే తక్కువ స్థాయి, అత్యాశ లేని అంచనా. అలాంటప్పుడు ఎదురయ్యే నిరోధం సుమారు 180 న్యూటన్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్లతో, ఎత్తు మారకుండా సాగడానికి 2,700 వాట్లు, అనగా 3.6 హార్స్‌పవర్ చాలు. ఇంజిన్ నుంచి గేర్ల మీదుగా రెక్క కొస వరకు చేరేలోపు సగం వృథా అయిందనుకున్నా 7.2 హార్స్‌పవర్ సరిపోతుంది. సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి ఎక్కాలంటే అసలు అవసరమే ఇంకో 3 హార్స్‌పవర్ పెరుగుతుంది, అదే నష్టాలు కలిపితే 6. కాబట్టి 8 హార్స్‌పవర్ ఇంజిన్‌తో సమతలంగా సాగడం అంచుమీద నిలుస్తుంది, ఎక్కడం కుదరదు. 15, 20 హార్స్‌పవర్ ఇంజిన్ అయితే కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు. అలాంటి ఇంజిన్లు మీ వీధిలోనే దొరుకుతాయి.

ఇక భుజం దగ్గరికి రండి. ఒక్కొక్క రెక్క పొడవు 5 మీటర్లు, బరువు 15 కిలోలు అనుకోండి. అది సెకనుకు ఒకసారి, అడ్డగీతకు పైన 30 డిగ్రీలు, కింద 30 డిగ్రీలు ఆడుతోంది. రెక్క పైకి వెళ్లి ఆగి, తిరిగి కిందికి మళ్లే ఆ క్షణంలో దాని కొస మీద పడే త్వరణం గురుత్వ త్వరణానికి పది రెట్లు దాటుతుంది. ఆ రెక్కను ఆపి వెనక్కి తిప్పడానికి మాత్రమే, గాలి సంగతి ఇంకా ఎత్తకుండానే, కీలు దగ్గర దాదాపు 2,600 న్యూటన్-మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. 100 సీసీ బైకు ఇంజిన్ టార్క్ సుమారు 8 న్యూటన్-మీటర్లు. నిమిషానికి 6,000 చుట్లను 60 ఊపులకు దించితే గేర్లు దానిని నూరు రెట్లు చేస్తాయి, అయినా 800 దగ్గరే ఆగిపోతాం, అదీ రెండు రెక్కలకూ కలిపి. దీనిపై గాలి భారం చేరుతుంది: 220 కిలోల బరువులో సగాన్ని ఒక్కొక్క రెక్క మోస్తుంది, ఆ భారం కీలుకు రెండు మీటర్ల అవతల పనిచేస్తున్నట్టు లెక్క, కాబట్టి రెక్క కదలకుండా చాచి పట్టుకోవడానికే దాదాపు 2,200 న్యూటన్-మీటర్లు కావాలి. మామూలు విమానంలో ఈ భారాన్ని ఒక కొస నుంచి మరో కొసకు సాగే దూలం మోస్తుంది, అందుకు చుక్క పెట్రోలు ఖర్చుకాదు. రెక్కలాడించే యంత్రంలో ఆ దూలాన్ని నడిమికి నరికి కీలు పెట్టాం కనుక, ఆ భారమంతా మీ కనెక్టింగ్ రాడ్ మీదా, దాని చిన్న బేరింగు మీదా పడుతుంది.

దీనికి మార్గాలు ఉన్నాయి. నిలకడ భారాన్ని బలమైన స్ప్రింగులకు అప్పగించి, ఇంజిన్‌కు ఊపు మాత్రమే వదిలిపెట్టవచ్చు. స్ప్రింగు బిగువూ రెక్క బరువూ కుదిరేలా చూసుకుంటే రెక్క తనంతట తానే ఊయలలా ఊగుతుంది, ఇంజిన్ ఊపు ఊపుకీ కాస్త తోస్తే చాలు. ఊయల తొట్టిని ఊపే తల్లి చేతికి ఎంత బలం కావాలో ఆలోచించండి. తొట్టి బరువంతా ఆమె మోయదు, తాడు మోస్తుంది. డిలారియర్ బృందం వేరే ఉపాయం చేసింది. వాళ్లు రెక్కను మూడు ముక్కలు చేశారు. నడిమి ముక్కను ఇంజిన్ నిటారుగా పైకీ కిందికీ కదుపుతుంది. రెండు పక్క రెక్కలూ దానికి కీళ్లతో అతికి, మొండెం నుంచి వచ్చిన ఊతాల మీద ఏతంలా తూగుతాయి. నడిమి ముక్క పైకి లేస్తే కొసలు కిందికి దిగుతాయి. ఇందువల్ల రెక్కల బరువులు ఒకదానికొకటి చాలావరకు సరిపోయి, యంత్రపు మొండెం ఎగిరెగిరి పడటం తగ్గుతుంది.

ఎగిరెగిరి పడటం అన్నాను, అది చిన్న సంగతి కాదు. రెక్క కిందికి కొట్టినప్పుడు పైకెత్తే బలం పెరుగుతుంది, పైకి లేచినప్పుడు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గు మీ బరువులో సగం మేరకే ఉందనుకున్నా, సెకనుకు ఒక ఊపు లెక్కన మీ సీటు 12 సెంటీమీటర్లు పైకి, 12 సెంటీమీటర్లు కిందికి ఆగకుండా కదులుతూ ఉంటుంది. గుంతల రోడ్డు మీద బండి నడిపినట్టే, కాకపోతే గుంత ప్రతి సెకనుకూ వస్తుంది, చేతిలో ఉన్నది హ్యాండిలు కాదు, ఎత్తూ దిశా రెండూ నడిపే కంట్రోలు. నేల మీద పరుగు తీసేటప్పుడు ఇదే ఊపు వల్ల చక్రాలు గెంతుతాయి, చక్రం గెంతినప్పుడు దిశ తప్పుతుంది. పైగా 5 మీటర్ల రెక్క 30 డిగ్రీలు కిందికి వాలితే దాని కొస కీలుకంటే రెండున్నర మీటర్లు దిగువకు వస్తుంది కనుక, నేలకు తగలకుండా ఉండాలంటే కీలును మనిషి తలకంటే ఎత్తులో పెట్టాలి. ఎత్తులో పెడితే యంత్రం పక్కగాలికి సులువుగా ఒరుగుతుంది.

మూడో సంగతి రెక్క మెలిక. చాలామంది పక్షి రెక్కతో గాలిని కిందికి తోసి పైకి లేస్తుందని అనుకుని, రెక్కను విసనకర్రలా ఊహిస్తారు. అది నిజమైతే రెక్క పైకి లేచినప్పుడు పక్షి అంతే బలంతో కిందికి పడాలి. నా బల్ల మీద ఇప్పుడు ఒక ప్లాస్టిక్ పక్షి బొమ్మ ఉంది, బీసెంట్ రోడ్డులో కొన్నది, లోపలి రబ్బరు బ్యాండును మెలిపెట్టి వదిలితే గది దాటి వెళ్లేంత దూరం ఎగురుతుంది. దాని రెక్కను దగ్గరగా చూడండి. పలుచని ప్లాస్టిక్ పొరను ముందంచున ఒక పుల్లకు మాత్రమే అతికించారు, వెనకంచు వదులుగా ఉంది. పుల్ల కిందికి దిగుతుంటే వెనకంచు వెనకబడి పైకి లేచి ఉంటుంది, దాంతో రెక్క ముఖం కొంచెం ముందుకు వాలుతుంది, పైకెత్తే బలంలో ఒక పాలు ముందుకు తోసే బలంగా మారుతుంది. పుల్ల పైకి లేస్తుంటే వెనకంచు కిందికి జారుతుంది. బొమ్మను చేతిలో పట్టుకుని ఆడిస్తే వెనక ఉంచిన కాగితం ముక్క కదులుతుంది. వెనకంచును కూడా మరో పుల్లతో బిగించి చూశాను. రెక్కలు అంతే జోరుగా ఆడాయి, కాగితం కదలలేదు, బొమ్మ వదిలిన చోటే నేల మీద పడింది. మెలిక లేని ఊపు శ్రమ తప్ప ప్రయాణం కాదు.

బొమ్మకు ఈ మెలిక ఊరికే వస్తుంది. 5 మీటర్ల రెక్కకు రాదు. 220 కిలోలను మోసేంత గట్టిగా వంగకుండా ఉండాలి, అదే సమయంలో కొస దగ్గర ప్రతి ఊపుకీ సరైన సమయంలో, సరైన మేరకు మెలి తిరగాలి. గట్టిదనం, మెత్తదనం రెండూ ఒకే వస్తువులో కోరుతున్నాం. కీలు దగ్గర రెక్క దాదాపు కదలదు, కొస దగ్గర చాలా కదులుతుంది, కాబట్టి మెలిక కూడా మొదట్లో కొద్దిగా, కొసకు పోయేకొద్దీ ఎక్కువగా ఉండాలి. దీనిమీద మరో దెబ్బ లోహపు అలసట. సెకనుకు ఒక ఊపు అంటే గంటకు 3,600 ఊపులు, నూరు గంటలకు 3,60,000. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచడం మీకు రోజూ అలవాటే. అల్యూమినియం ఇటువంటి పనికి ఇంకా బలహీనం, ఎంత చిన్న భారమైనా తగినన్ని సార్లు తిరగబడితే అది చీలుతుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చివరిది. ప్రొపెల్లర్ విమానంలో ఇంజిన్ ఆగిపోతే రెక్కలు రెక్కల్లాగే ఉంటాయి, పైలట్ జారుకుంటూ వచ్చి ఏ పొలంలోనో దిగవచ్చు. మీ యంత్రంలో కనెక్టింగ్ రాడ్ తెగితే గాలి రెక్కలను పైకి మడిచేస్తుంది, గొడుగు ఈదురుగాలికి తిరగబడినట్టు. అప్పుడు మిమ్మల్ని మోసేది ఏదీ ఉండదు. సముద్రాల మీద రోజుల తరబడి రెక్కలు చాచి తేలే ఆల్బట్రాస్ పక్షికి ప్రకృతి భుజంలో ఒక తాళం ఇచ్చింది, స్నాయువు అనే ఒక గట్టి పట్టీ రెక్కను సమతలం దాటి పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మనిషిని మోసే ఏ ఆర్నితాప్టర్‌కైనా మొదట చేయవలసిన భాగం ఈ తాళమే అని నా అభిప్రాయం, ఇంజిన్ ఎంపిక దాని తరువాత.

మీ గద్ద ఉదాహరణకు కూడా జవాబు చెప్పాలి. ఒక పక్షిని అదే ఆకారంలో పొడవునా పది రెట్లు పెంచితే రెక్కల వైశాల్యం నూరు రెట్లు, బరువు వెయ్యి రెట్లు అవుతుంది. ప్రతి చదరపు మీటరు రెక్కా పది రెట్లు బరువు మోయాలి, అందుకు మూడు రెట్లకు పైగా వేగం కావాలి, కిలోకు కావలసిన శక్తి కూడా అంతే పెరుగుతుంది. కండరం మాత్రం కిలోకు అంతకంతకూ ఎక్కువ ఇవ్వలేదు, పైగా పెద్ద రెక్కను పదేపదే తిప్పడం కష్టం కనుక ఊపుల వేగం తగ్గుతుంది. పిచ్చుక సెకనుకు పదిసార్లకు పైగా రెక్కలాడిస్తుంది. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువు దగ్గర నిలబడి గూడబాతులను చూడండి, ఐదు కిలోల పక్షి సెకనుకు రెండు మూడు ఊపులతో సరిపెడుతుంది. చెట్టు కొమ్మ వదిలాక అది ముందు కొంచెం కిందికి జారి, బరువుగా ఎనిమిది పది ఊపులు వేసి, రెక్కలు చాచి కాసేపు జారుతుంది, మళ్లీ కొడుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక అదే పక్షి పైకి లేచే వేడిగాలిని వెతుక్కుని, ఒక్క ఊపు కూడా వేయకుండా చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోతుంది. బరువైన పక్షులన్నీ ఇదే పొదుపు నేర్చుకున్నాయి. రోళ్లపాడు గడ్డిభూముల పేరుతో మనకు తెలిసిన బట్టమేక పక్షి పదిహేను కిలోల వరకు తూగుతుంది, ఈ రోజు ప్రపంచంలో ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో అది ఒకటి. ఆఫ్రికాలోని దాని బంధువు ఇంకో మూడు నాలుగు కిలోలు ఎక్కువ ఉండవచ్చు. అంతకు బాగా మించిన బరువుతో రెక్క కొట్టుకుని ఎగిరే పక్షి నేడు లేదు. 220 కిలోలు ఎగరాలంటే మనం పక్షిని పోల్చుకునే హద్దు ఎప్పుడో దాటిపోయాం.

ఇది మన ముందువాళ్లకు తెలియక కాదు. ఇంగ్లండులో జార్జ్ కేలీ 1799లోనే ఒక వెండి బిళ్ల మీద గీసిన బొమ్మలో మోసే పనిని కదలని రెక్కకూ, నెట్టే పనిని వేరే సాధనానికీ పంచిపెట్టాడు. నేటి విమానాలన్నీ ఆ పంపకం సంతానమే. అయినా జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ రెక్క ఊపును వదులుకోలేదు. 1891 నుంచి గ్లైడర్ల మీద పదేపదే ఎగిరిన ఆయన, బొగ్గుపులుసు వాయువుతో నడిచే చిన్న ఇంజిన్‌ను బిగించి రెక్కల కొసలను ఆడించే యంత్రాన్ని కూడా తయారుచేశాడు. అది పూర్తిగా పరీక్షకు రాకముందే, 1896 ఆగస్టు 9న మామూలు గ్లైడరు మీద నుంచి పడి మరునాడు మరణించాడు. ఆయన ఆలోచనలో ఒక మెలకువ ఉంది: రెక్క మొత్తాన్ని కాక, కొసలను మాత్రమే ఆడించడం. 1940లలో మ్యూనిక్‌లో అడల్బర్ట్ ష్మిడ్ కూడా తన ఇంజిన్ యంత్రాల్లో ఒకదానికి గ్లైడరు శరీరం తీసుకుని, లోపలి రెక్కను కదలనివ్వకుండా బయటి భాగాలనే ఆడించాడు. మనిషిని మోసే యంత్రం ఎప్పటికైనా నమ్మకంగా ఎగిరితే ఆ దారిలోనే ఎగురుతుందని నేను అనుకుంటున్నాను. లోపలి రెక్క దూలం తెగదు, ఇంజిన్ ఆగినా జారి దిగవచ్చు, ఆడే భాగం చిన్నది కనుక తిప్పడం తేలిక. ఇంత చేశాక ప్రొపెల్లరే పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, ప్రయాణం కోసమే అయితే పెట్టుకోవడమే మంచిది. మంచి ప్రొపెల్లర్ తనకు అందిన శక్తిలో ఎనభై శాతానికి పైగా ముందుకు తోసే పనికి మార్చగలదు, ఒకే దిక్కున ఆగకుండా తిరుగుతుంది, ఆగి మళ్లే క్షణం దానికి లేనే లేదు. గాలిలో పక్షి చేసే పనిని యంత్రంతో అర్థం చేసుకోవాలనే కోరిక వేరు, దానికి ప్రొపెల్లర్ జవాబు చెప్పదు.

మీరు ప్రయత్నించవచ్చా అంటే, తప్పక ప్రయత్నించండి, మనిషి లేకుండా. ఒక మీటరు వెడల్పు రెక్కలు, ముందంచుకు కార్బన్ పుల్ల, పలుచని గాలిపటపు గుడ్డ, చిన్న బ్రష్‌లెస్ మోటారు, రెండంచెల గేరుతో మొదలుపెట్టండి. ఒకే క్రాంకుకు రెండు కనెక్టింగ్ రాడ్లు తగిలిస్తే ఎడమ కుడి రెక్కలు సమంగా ఆడవు, ఒకటి ముందు, ఒకటి వెనక నడుస్తాయి. ఒకదానితో ఒకటి పట్టుకుని ఎదురెదురుగా తిరిగే రెండు సమాన గేర్లకు చెరొక రాడ్ బిగించండి. తయారయ్యాక ఎగరేయడానికి తొందరపడకుండా షాపు దూలానికి తాడుతో వేలాడదీసి, వెనక స్ప్రింగు త్రాసు కట్టి ఎంత లాగుతోందో రాసుకోండి. గంటసేపు ఆడనిచ్చి ఏ రంధ్రం వదులైందో చూడండి. మనిషిని ఎక్కించే యంత్రానికి మాత్రం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి లేకుండా అడుగు వేయకూడదు, మనకు గన్నవరం విమానాశ్రయం దగ్గరే ఉందన్నది మరచిపోకూడదు. కొండ అంచు నుంచో, మేడ మీద నుంచో దూకి చూద్దామన్న ఆలోచన మీ షాపులో పనిచేసే కుర్రాళ్లలో ఎవరికి వచ్చినా దయచేసి గట్టిగా ఆపండి.

ప్రశ్న: ఇంజిన్ లేకుండా, సైకిలు తొక్కినట్టు కాళ్లతో తొక్కి రెక్కలాడించి ఎగరడం అసలు కుదరదా? నేను రోజూ వ్యాయామం చేస్తాను.
– ఒక పాఠకుడు, బెంజ్ సర్కిల్, విజయవాడ

జవాబు: కుదిరింది, కొన్ని సెకన్లకు. 2010 ఆగస్టు 2న కెనడాలో టాడ్ రైకర్ట్ అనే టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి స్నోబర్డ్ అనే యంత్రాన్ని కాళ్ల బలంతో నడిపి 19.3 సెకన్ల పాటు, 145 మీటర్లు ఎత్తు నిలబెట్టుకుంటూ ఎగిరాడు. రెక్కల వెడల్పు 32 మీటర్లు, పెద్ద ప్రయాణికుల విమానానికి దగ్గరగా ఉండే కొలత. యంత్రం బరువు మాత్రం సుమారు 43 కిలోలు. గాలిలోకి లేపడానికి కారుతో తాడు కట్టి లాగారు. ఆరోగ్యవంతుడైన మనిషి ఎక్కువసేపు ఇవ్వగలిగేది నూరు, నూటయాభై వాట్లు. సాధన చేసిన సైకిలు పోటీదారు దానికి రెట్టింపు ఇవ్వగలడు. ఇదే కాళ్ల బలాన్ని ప్రొపెల్లర్‌కు ఇచ్చినప్పుడు ఏమైందో కూడా చూడండి: 1979 జూన్ 12న బ్రయన్ అలెన్ ఇంగ్లిష్ చానల్‌ను తొక్కుతూ దాటాడు, 1988లో గ్రీసు సైకిలు వీరుడు కనెల్లోస్ కనెల్లోపూలోస్ క్రీట్ దీవి నుంచి సాంటొరీని దీవి దాకా 115 కిలోమీటర్లు వెళ్లాడు.

ప్రశ్న: ప్రాచీన విమానాలను వర్ణిస్తుందని చెప్పే వైమానిక శాస్త్రం అనే సంస్కృత గ్రంథంలోని శకున విమానం రెక్కలాడించి ఎగిరేదేనని చదివాను. అది పనిచేసే యంత్రమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు శాస్త్రవేత్తలు ఆ గ్రంథాన్ని, అందులోని బొమ్మలను శ్రద్ధగా పరిశీలించి 1974లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. ఆ గ్రంథం 20వ శతాబ్దపు ఆరంభానికి ముందుది కాదని, అందులో వర్ణించిన విమానాలకు ఎగిరే లక్షణాలు లేవని వారు తేల్చారు. రామాయణంలో సంపాతి సూర్యుడి దాకా ఎగిరి రెక్కలు మాడ్చుకున్న కథను, తమ్ముడికి రెక్కలు అడ్డుపెట్టిన ఆ అన్న ప్రేమను నేను ఎంతో ఇష్టంగా చదువుకుంటాను. కథను కథగా చదివితే దాని గౌరవం తగ్గదు. యంత్రం అనేసరికి బరువు ఎంత, రెక్క ఎంత, శక్తి ఎక్కడి నుంచి అన్న మూడు ప్రశ్నలు అడగాలి, వాటికి ఆ గ్రంథంలో నిలబడే జవాబు లేదు.

ప్రశ్న: గుంటూరు దగ్గర నాలుగు ఎకరాల్లో మొక్కజొన్న వేస్తున్నాను. గింజ పాలు పోసుకునే సమయానికి చిలుకలు గుంపులుగా దిగుతున్నాయి. మనిషి ఎగిరే మాట అటుంచి, రెక్కలాడించే చిన్న గద్ద యంత్రం ఉంటే వాటిని తోలవచ్చు కదా. అలాంటివి ఉన్నాయా?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: ఉన్నాయి. మొదటి జవాబులో చెప్పిన లెక్క అంతా ఇక్కడ తిరగబడి మీకు మేలు చేస్తుంది. సైజు తగ్గేకొద్దీ బరువు రెక్కల వైశాల్యం కంటే వేగంగా తగ్గుతుంది, కీలు మీద భారం అంతకంటే వేగంగా తగ్గుతుంది. 2011లో జర్మనీకి చెందిన ఫెస్టో సంస్థ సీగల్ అనే సముద్రపు పక్షిని పోలిన స్మార్ట్‌బర్డ్ యంత్రాన్ని ఎగరేసింది; రెక్కల వెడల్పు రెండు మీటర్లు, బరువు అరకిలోకు అటూ ఇటూ, అది వాడుకునే శక్తి 23 వాట్లు, ఇంట్లో ఒక పాతరకం ట్యూబ్‌లైటుకు సరిపోయేదానికంటే తక్కువ. దాని రెక్క కిందికీ పైకీ ఆడటమే కాక, కొస దగ్గర మోటారుతో మెలి కూడా తిరుగుతుంది, ఇందాక నేను బొమ్మలో చూపిన మెలికే అది. అదే ఏడాది అమెరికాలో 19 గ్రాముల బరువున్న తేనెపిట్ట యంత్రం గాలిలో ఒకేచోట నిలబడి చూపించింది. నెదర్లాండ్స్‌లో డేగ ఆకారంలో, డేగలా రెక్కలాడించే యంత్రాన్ని విమానాశ్రయాల దగ్గర పక్షులను తోలడానికి తయారుచేశారు. మామూలు డ్రోన్‌ను పట్టించుకోని పక్షి కూడా డేగ రూపాన్నీ రెక్క ఊపునూ చూస్తే భయపడుతుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

మీ చేనుకు ఇప్పుడే కొనమని మాత్రం నేను చెప్పలేను. ఇలాంటి యంత్రాన్ని నడపడానికి అలవాటైన చేయి కావాలి, ఒక ఛార్జింగుకు గాలిలో ఉండేది నిమిషాల లెక్కే, చిలుకలు దిగేది పొద్దున్నే గంటసేపు, సాయంత్రం గంటసేపు. డ్రోన్లకు వర్తించే 2021 నాటి నిబంధనలు దీనికీ వర్తిస్తాయి, నమోదు అవసరం పడవచ్చు. ఈ పంటకు మెరిసే రిబ్బన్లను ఉత్తర దక్షిణాలుగా, కంకుల ఎత్తుకు కాస్త పైన, మధ్యలో రెండు మూడు మెలికలు వేసి కట్టండి. గాలికి అవి ఆడుతూ ఎండకు మెరుస్తాయి. చిలుకలు వాటికి అలవాటు పడకుండా నాలుగైదు రోజులకొకసారి చోటు మార్చండి. ఇందాకటి ఆటోనగర్ పాఠకుడి నమూనా తయారై షాపు దూలం కింద గంటసేపు నిలకడగా ఆడిందని ఉత్తరం వస్తే, దాన్ని మొదట పరీక్షించడానికి మీ చేను పేరే రాసి పంపుతాను.